పెన్న వెంట జొన్నవాడ నడక: విడిపోకుండా ఎలా?
ఇరవై మందితో నెల్లూరు రంగనాయకుల గుడి నుంచి జొన్నవాడకు నడిస్తే, పోయినసారి సగం మంది వెనకబడి విడిపోయారని రాశారు. తప్పు వెనకవారిది కాదండీ, ముందు నడిచినవారిది. ఈసారి అందరికన్నా నెమ్మదైనవారిని ముందుంచండి. దారి తెలిసిన ఒకరు చివరనే ఉండాలి, ఎంత విసుగొచ్చినా సరే.

గుడి దక్షిణపు ఒడ్డున, జొన్నవాడ ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. ఇసుకలో అడ్డంగా దాటవద్దు. ఇసుక తవ్విన గుంటల్లో నీరు నిలిస్తే లోతు తెలియదు. వంతెన మీదుగా కోవూరు వైపు చేరండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వద్దు. 2021 నవంబరు వరద గుర్తుంది కదా! జనవరిలో తెల్లవారగానే బయలుదేరితే పడమటి నడక కాబట్టి ఎండ వీపు మీదే పడుతుంది. ఎగువన పెన్న మీదున్న సోమశిల జలాశయం నుంచి నీరు వదులుతున్నారేమో ముందురోజే కనుక్కోండి. తిరుగు ప్రయాణం మాత్రం బస్సులోనే.