మొక్కు తీర్చలేకపోయాను, ఇప్పుడు సేవలోకి రావచ్చా అక్కయ్యా?

ప్రశ్న: వందనాలు అక్కయ్యా. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్. నాకు 41 ఏళ్ళు. పద్దెనిమిదేళ్ళప్పుడు యూత్ మీటింగుల్లో చెయ్యెత్తి, ప్రభువా నర్సు చదివి కొండ మీద సవర గిరిజనుల ఊళ్ళలో నీ పని చేస్తాను అని మొక్కుకున్నాను. నర్సింగులో చేరాను కూడా. రెండో సంవత్సరంలో ఉండగా నాన్నకి పక్షవాతం వచ్చింది, ఇంటికి నేనే పెద్దదాన్ని, చదువు ఆపేసి వచ్చేశాను. తమ్ముళ్ళ ఫీజులు, కుట్టుమిషను, తర్వాత పెళ్ళి, పిల్లలు, ఇలా గడిచిపోయింది. నాన్న మంచంలో ఉన్నప్పుడు ఒకసారి విసుగొచ్చి నీ వల్లే నా బతుకు ఇలా అయిపోయింది అనేశాను, నాన్న ఏమీ అనలేదు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి అంతే. ఆ ఏడాదే పోయారు. నాన్నకి సంతలో కొట్టుండేది కాబట్టి నాకు చిన్నప్పట్నుంచీ సవర మాట వచ్చు. ఇప్పుడు కొండ దిగి వచ్చే సవర ఆడవాళ్ళు ఆస్పత్రికి తోడు రమ్మంటారు, వెళ్తుంటాను, బరంపురం పెద్దాసుపత్రికి, విశాఖ కేజీహెచ్‌కి కూడా వెళ్ళాను. ఆ పని చేస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నీకు సంతోషపడే హక్కు ఎక్కడిది అని లోపల ఒకటే పోరు. మా సంఘంలో ఒకావిడ, నువ్వు మొక్కుబడి తీర్చలేదు కాబట్టే మీ ఆయనకి షుగరు వచ్చింది, ప్రసంగి 5 చదువుకో అన్నారు. నాది ఇంక అయిపోయినట్టేనా అక్కయ్యా?
- ఓ సోదరి, గుణుపూర్

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. ముందు ఆ షుగరు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది మిమ్మల్ని రోజూ భోజనం దగ్గర కూడా పొడుస్తూ ఉంటుంది. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపం అని శిష్యులు అడిగితే యేసు ప్రభువు వీడూ కాదు వీడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు, యోహాను 9లో ఉంది. ప్రభువే వద్దన్న లెక్కని మనం పక్కింటి వాళ్ళ మీద ఎందుకు వేస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీ ఆయనకి షుగరు వస్తే డాక్టరుకి చూపించండి, వేళకి మందు వేయించండి, కాళ్ళు చూసుకోమనండి. మీ మొక్కుకీ దానికీ సంబంధం లేదు. ఆవిడ మీద కోపం పెట్టుకోవద్దు కానీ ఆ మాటని మాత్రం ఇంట్లో ఉంచుకోకండి.

ఇక ప్రసంగి 5. మొక్కుకుంటే ఆలస్యం చేయకుండా చెల్లించమని అక్కడ ఉన్న మాట నిజం, దాన్ని నేను తేలిక చేయను. కాని అదే బైబిల్లో సంఖ్యాకాండం 30 కూడా ఉంది కదా, ఆడపిల్ల తండ్రి ఇంట్లో ఉండగా మొక్కుకుని, విన్న రోజునే తండ్రి కాదంటే ఆ మొక్కు నిలవదు, దేవుడు ఆమెని క్షమిస్తాడు అని రాసుంది. మీ నాన్న కాదనలేదు, మీ విషయం అచ్చంగా అది కాదని నాకు తెలుసు. నేను చెప్పేది ఏంటంటే, ఒక ఆడపిల్ల బతుకు ఆమె చేతిలో ఒక్కదాని చేతిలోనే ఉండదని, ఇంట్లో పరిస్థితులు ఆమెని కట్టేస్తాయని దేవుడికి ధర్మశాస్త్రం ఇచ్చేటప్పుడే తెలుసు. తెలిసే దానికి చోటు పెట్టాడు.

ఇంకోటి, ఇది మీరు ఈ రాత్రే చదవండి, మార్కు 7, తొమ్మిదో వచనం నుంచి. అక్కడ కొందరు ఇది దేవుడికి ఇచ్చేశాం కొర్బాను అని చెప్పి అమ్మానాన్నల్ని చూడకుండా తప్పించుకునేవాళ్ళు, ప్రభువు వాళ్ళని గట్టిగా మందలించాడు, మీ ఆచారం కోసం దేవుడి ఆజ్ఞని తోసేస్తున్నారు అన్నాడు. అంటే చూడండి, మొక్కు పేరు చెప్పి మంచాన పడ్డ తండ్రిని వదిలేసి కొండెక్కి ఉంటే అప్పుడు భయపడాల్సింది. మీరు చేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. నాన్నకి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, చదువు ఆగినా ఆ చేతులు నర్సు పని ఆపలేదు కదా. చదువు మానేసి ఇంటికి రావడం పాపం కాదు. నేను ఇక్కడ మెత్తగా చెప్పడం లేదు, లేఖనం చూసే చెప్తున్నాను.

కానీ నాన్నతో అన్న మాట, అది వేరే. దాన్ని పాపం కాదు లెండి, అలసిపోయి అన్నారు లెండి అని నేను సర్దిచెప్తే మీకు నిద్ర పట్టదు, ఎందుకంటే మీ మనసుకి తెలుసు అది తప్పని. మీ ఉత్తరంలో నాకు కనిపించిన చిక్కు ఇదే, చదువు ఆగిపోవడం, నాన్నని ఏడిపించడం, ఈ రెండూ ఒకే మూటలో కట్టేసి మోస్తున్నారు మీరు. నాన్నని ఏడిపించినదానికి క్షమాపణ కావాలి. చదువు ఆగినదానికి క్షమాపణ అడగాల్సిందే లేదు, అందుకే మీరు ఎన్నిసార్లు అడిగినా మనసు తేలిక పడటం లేదు, లేని తప్పుకి క్షమాపణ దొరికినట్టు ఎలా అనిపిస్తుంది చెప్పండి. మూట విప్పండి ముందు.

ఆ మాట కోసం మాత్రం ఒక్కసారి, పేరు పెట్టి, ఆ రోజు ఏమన్నారో అలాగే దేవుడి దగ్గర చెప్పండి. ప్రభువా నేను చెడ్డదాన్ని అని గుండుగుత్తగా వద్దు, ఫలానా మాట అన్నాను, మా నాన్న ఏడ్చాడు, నన్ను క్షమించు అని. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు కాబట్టి క్షమిస్తాడని 1 యోహాను 1:9. అమ్మ ఉంటే, లేదా ఆ రోజు విన్న తమ్ముడెవరైనా ఉంటే వాళ్ళతో కూడా ఒకసారి చెప్పండి, నాన్న ఎదుట చెప్పుకోలేనిది ఆయన్ని ప్రేమించిన వాళ్ళ ఎదుట చెప్పుకోండి. మీ నాన్న ఆ మాటని మీ లాగ ఏళ్ళ తరబడి పట్టుకుని ఉంటాడని నేను అనుకోను, మంచంలో ఉన్న మనిషికి తన కూతురు ఎంత అలసిపోయిందో అందరికన్నా ముందు తెలుస్తుంది.

అలా ఒప్పుకున్నాక కూడా రాత్రి మళ్ళీ ఆ గొంతు వస్తుంది, వస్తుంది చూడండి. అప్పుడు అది దేవుడిది కాదని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. 2 కొరింథీ 7లో పౌలు రెండు దుఃఖాలు చెప్తాడు, దేవుడి నుంచి వచ్చేది మనిషిని తిప్పుతుంది, లోకం నుంచి వచ్చేది చంపుతుంది. పరిశుద్ధాత్మ గద్దిస్తే ఫలానా పని తప్పు, ఇలా సరిచేసుకో అని తెలుస్తుంది, చేసుకున్నాక వదిలేస్తుంది. మీకు వచ్చే గొంతు నీకు సంతోషపడే హక్కు లేదు అంటుంది, ఏం చేయాలో మాత్రం ఎప్పుడూ చెప్పదు. క్రీస్తుయేసునందున్న వారికి ఏ శిక్షావిధి లేదని రోమా 8:1 పైకి చదవండి, గట్టిగా, మీ చెవికి వినపడేలా.

పేతురు సంగతి చూడండి. ప్రభువుని ఎరగనని ముమ్మారు బొంకాడు. తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు ఆయన్ని మళ్ళీ కలిసినప్పుడు నన్ను ప్రేమిస్తున్నావా అని ముమ్మారు అడిగాడు, ప్రతిసారీ జవాబు వినగానే పని చెప్పాడు, నా గొర్రెల్ని మేపు అని. కొన్నాళ్ళు ఏడ్చి రా తర్వాత చూద్దాం అనలేదు. క్షమాపణా పనీ ఒకే పొద్దున, ఆ ఒడ్డున ప్రభువు పెట్టిన చేపల భోజనం దగ్గరే దొరికాయి.

ఇప్పుడు మీరు అసలు అడిగింది, అయిపోయిందా అని. లేదు! నాకు మీ ఉత్తరం చదువుతుంటే ఆనందం ఆగలేదు, ఎందుకంటే ఎక్కడో పోయిందని మీరు ఏడుస్తున్న పిలుపు ఆ సవర అక్కచెల్లెళ్ళ రూపంలో మీ గుమ్మంలోకి వచ్చి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళవా అని అడుగుతోంది. తెలుగు, ఒడియా, సవర, మూడూ వచ్చిన మనిషి బరంపురం ఓపీ లైన్లో ఎంత మందికి దొరుకుతుంది? సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉన్న పిల్లని తీసుకొచ్చి తల్లి ఒళ్ళు నొప్పులు అని మాత్రం చెప్పగలిగితే ఒక నొప్పి బిళ్ళ రాసి పంపేసే ప్రమాదం ఉంది, ఎన్నాళ్ళ నుంచి, ఏ కీళ్ళలో, ఇంట్లో ఇంకెవరికి ఉంది, ఇంతకుముందు రక్తం ఎక్కించారా అన్నది ఎవరో ఒకరు అడిగి చెప్తేనే డాక్టరు సరిగ్గా చూడగలడు. రోజూ వేసుకోవాల్సిన మందుని నొప్పి తగ్గిందని ఆపేస్తే ఏమవుతుందో ఆ తల్లికి ఆమె భాషలోనే చెప్పాలి. ఇది చిన్న పనా?

మన పర్లాకిమిడి గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తున్నారు నాకు. ఆయన క్రైస్తవుడు కాదు, వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే మన వాళ్ళకి ఎక్కువ తెలుసు. కానీ పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల చదువు కోసం పాటుపడ్డారు, ఉద్యోగం మానేసి అడవికి వెళ్ళిపోలేదు. 1863లో పుట్టిన మనిషి, సవర వ్యాకరణం అచ్చయ్యింది 1931లో, నిఘంటువు 1938లో, అంటే డెబ్బై ఐదేళ్ళ వయసు. మీకు 41.

అయితే ఒక్కటి. మొక్కు బాకీ పడ్డాను కాబట్టి వడ్డీతో సహా తీర్చేస్తాను అనే మనసుతో ఈ పనిలోకి దిగకండి. అప్పు తీర్చేవాళ్ళ కన్ను ఎప్పుడూ లెక్క మీదే ఉంటుంది, ఎదుటి మనిషి మీద ఉండదు, ఎంత చేసినా చాలలేదనిపిస్తుంది, ఒకరోజు ఒంట్లో బాగోక వెళ్ళలేకపోతే మళ్ళీ పాత ఏడుపే. ఆ అప్పు సిలువ దగ్గర చెల్లిపోయింది. ఆ పని మీకు ఇష్టం కాబట్టి, ఆ మనుషులు మీకు ఇష్టం కాబట్టి వెళ్ళండి, ఆ సంతోషం దొంగిలించింది కాదు, ఆయన ఇచ్చిందే.

పని మాటలు కొన్ని చెప్తాను. మీ ఆయనతో కూర్చుని నెలలో ఎన్ని రోజులు, బస్సు, రైలు ఖర్చు ఎంత అని మాట్లాడుకుని మొదలుపెట్టండి, ఇంట్లో గొడవలతో చేసే సేవ ఎక్కువ రోజులు నిలవదు. నర్సింగు సగంలో ఆగింది కాబట్టి మీరు సొంతంగా సూదులు వేయడం, మందులు చెప్పడం వద్దు, ఎంత బతిమాలినా వద్దు. డాక్టరు అన్నది అన్నట్టు చెప్పండి, అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, ఊహించి చెప్పొద్దు. ఆడవాళ్ళ రహస్యాలు వింటారు, అవి సంఘంలో ప్రార్థనాంశాలుగా కూడా బయటికి రాకూడదు. ఆ ఊళ్ళ ఆశా కార్యకర్తలతో పరిచయం పెంచుకోండి, ఆధార్, ఆయుష్మాన్ కార్డు ఇంట్లో మర్చిపోయి ఎంతమంది వెనక్కి వెళ్ళిపోతుంటారో మీకే తెలుసు. ఇంకా ముఖ్యం, సాయానికీ ప్రార్థనకీ ముడి పెట్టకండి, జబ్బుతో మీ మీద ఆధారపడి ఉన్న మనిషికి వద్దనే స్వేచ్ఛ ఉండదు. మన ఒడిశాలో 1967 నుంచి మత స్వాతంత్ర్య చట్టం ఉంది, ఆశ చూపించి మతం మార్చడం నేరం, కానీ చట్టం లేకపోయినా ప్రభువు కుష్ఠు రోగిని ముట్టుకునే ముందు షరతు ఏదీ పెట్టలేదు. మా దగ్గరికి ఎందుకు వస్తున్నావని వాళ్ళే అడిగితే అప్పుడు చెప్పండి, మనస్ఫూర్తిగా చెప్పండి.

ప్రశ్న: అక్కయ్యా, మాది రాయగడ. నాన్న పాస్టరు. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ హన్నా లాగ నన్ను సేవకి ప్రతిష్ఠించిందట. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను, నాకు ఆ పనంటే ప్రాణం. ఇప్పుడు బైబిల్ కాలేజీలో చేరమంటున్నారు. కాదంటే దేవుడికి ద్రోహం చేసినట్టా?
- 23 ఏళ్ళ తమ్ముడు

జవాబు: ద్రోహం కాదు తమ్ముడూ. హన్నా మొక్కుకుంది, నిజమే, ఆ తర్వాత 1 సమూయేలు 3లో దేవుడే ఆమె కొడుకు సమూయేలుని పేరు పెట్టి పిలిచాడు, అతన్ని పెంచిన యాజకుడు ఏలీ కూడా వెళ్ళి నువ్వే విను అన్నాడు తప్ప నేను విని నీకు చెప్తాను అనలేదు. అదే సమూయేలు ముసలితనంలో తన కొడుకుల్ని న్యాయాధిపతులుగా తనే పెట్టాడు, వాళ్ళు లంచాలు తిన్నారు, 1 సమూయేలు 8. అంటే నాన్న పెట్టినంత మాత్రాన పిలుపు రాదు.

నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పింది బెసలేలు గురించి, బంగారం, రాయి, కర్ర పని చేసే మనిషి. పౌలు డేరాలు కుట్టాడు. మన ఒడిశా జైపూర్ వైపు లూథరన్ సంఘాల వాళ్ళకైతే ఇది కొత్త కాదు, ఆ సంఘాలకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1520లోనే రాశాడు, పాస్టరుకీ చెప్పులు కుట్టేవాడికీ కమ్మరికీ దేవుడి ముందు హోదాలో తేడా లేదు, ఎవరి పని వాళ్ళది అని. నువ్వు ఎర్తింగ్ సరిగ్గా ఇచ్చి ఒక ఇంట్లో పిల్లలకి షాక్ కొట్టకుండా చూస్తే అది పొరుగువాణ్ణి ప్రేమించడమే.

భయంతో మాత్రం చేరకు, పిలుపు లేకుండా పుల్పిట్ ఎక్కితే నీకూ కష్టం, సంఘానికీ కష్టం. అలాగని పిలుపు ఎప్పటికీ రాదని తలుపు గడియ పెట్టుకోకు కూడా, ముప్ఫై ఏళ్ళకి వస్తే అప్పుడు చూసుకోవచ్చు. నాన్నతో మాట్లాడటానికి ముందు అమ్మతో కూర్చో, మొక్కుకున్నది ఆవిడ. ఆవిడ ఆ రోజుల్లో ఏ భయంలో ఉండి మొక్కుకుందో అడిగి విను, మధ్యలో వాదించకు. తర్వాత నాన్నకి నీ పని చూపించు, కుదిరితే చర్చి వైరింగ్ ఆయన్ని పక్కన నిలబెట్టుకునే చెయ్యి. ఆయన ముసలితనంలో జీతం లేని పాస్టరుగా ఉంటాడు, ఆ భారం నేను మోస్తాను నాన్నా అని కూడా చెప్పు, చాలామంది పాస్టర్లకి పైకి చెప్పని దిగులు అదే.