కడలి అడుగున గ్యాస్ క్షేత్రం కట్టబోతున్న మా అమ్మడికి

చి. అమ్మడికి,
పెదనాన్న ఆశీస్సులు.

నిన్ను ఆఫ్‌షోర్ ఫీల్డ్ డెవలప్‌మెంట్ టీమ్‌లో వేశారని, పోస్టింగ్ కూడా కాకినాడలోనేనని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషమమ్మా. పుస్తకాల్లో ఉన్నవి నీకు తెలుసు, వాటి జోలికి పోను. ఉద్యోగమంతా రిజర్వాయర్ పనిలోనే, అంటే భూమి అడుగున గ్యాస్, చమురు నిండిన రాతి పొరల లెక్కలు తేల్చే పనిలోనే గడిచింది నాకు. అందుకే ఆ వైపు నుంచే రాస్తున్నాను.

క్షేత్రంలో గ్యాస్ నిల్వ ఇంత అని ఎవరైనా ఒకే అంకె చేతికిస్తే తీసుకోకు. తక్కువలో తక్కువ ఎంత, మధ్యస్థంగా ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని మూడూ అడుగు. పైవాళ్లకి ఒక్క అంకే కావాలి, బోర్డుకీ బ్యాంకుకీ అదే చెప్పుకోవాలి కాబట్టి. ఆ తక్కువ అంకే నిజమైనా ప్రాజెక్టు మునిగిపోకుండా చూడటం మీ టీమ్ పని.

మన తీరంలోనే చూడు. ఎస్.యానాం దగ్గరి రవ్వ చమురు క్షేత్రంలో 1993లో ఉత్పత్తి మొదలైంది. లోతు తక్కువ సముద్రం. బావులు వేస్తూ, వచ్చిన సమాచారం చూసుకుంటూ, మధ్యమధ్యలో కొత్త బావులు జోడిస్తూ పోయారు. మొదట అనుకున్నదానికి రెండింతలకు పైగా ముడి చమురు ఇచ్చింది. అదే కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో లోతు నీళ్లలో ఉన్న కేజీ-డీ6 బ్లాక్ సంగతి వేరు. 2002లో గ్యాస్ దొరికింది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ప్లాన్‌లో రాసుకున్నది రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు. 2010లో శిఖరానికి చేరినా ఆ అంకెను అందుకోలేదు. ఆ తర్వాత బావుల్లోకి నీళ్లు, ఇసుక రావడం మొదలై ఉత్పత్తి పడిపోయింది. ఆ బ్లాక్‌లో మొదట గ్యాస్ ఇచ్చిన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. బావులు చాలినన్ని వేయలేదా, భూమిలోనే గ్యాస్ తక్కువా అన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. ఆ వాదన నీకెందుకు? లోతు నీళ్లలో ఇసుక ఎలా పేరుకుంటుందో అది పట్టించుకో. ప్రాచీన కాలపు జలాంతర కాలువల్లో పేరుకున్న ఇసుక సీస్మిక్ బొమ్మలో (ధ్వని తరంగాలు పంపి తీసే భూగర్భం బొమ్మలో) ఒకే ముద్దలా కనిపిస్తుంది. బావి వేస్తే గానీ మధ్యలో బంకమట్టి పొరలు ఎన్ని ఉన్నాయో, ఏ ముక్క దేనితో కలిసి ఉందో తెలియదు.

అందుకే కంప్యూటర్ ముందు కూర్చునే ముందు కోర్ షెడ్‌కి వెళ్లు. బావిలోంచి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరుసగా పేర్చి ఉంచుతారు. బల్ల మీద లైటు దగ్గరకు లాగి అడుగడుగునా చూడు. మన లోతు నీళ్ల ఇసుక చాలా చోట్ల రాయే కాదు, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. చేతికి అలా రాలిందంటే బావిలోనూ రాలుతుంది. అప్పుడు ఇసుకను బావిలోకి రాకుండా ఆపే శాండ్ స్క్రీన్లు (జల్లెడలు), గ్రావెల్ ప్యాక్ (కంకర పొర) ఖర్చు దగ్గర ఎవరు బేరమాడినా నువ్వు మెత్తబడకు.

బావి అడుగున శాశ్వతంగా ఉండే ప్రెషర్ గేజ్ కూడా అంతే. దండగ ఖర్చు అంటారు, పట్టుబట్టు. మొదటి ఏడాదే అప్పుడప్పుడు బావి మూసి ఒత్తిడి ఎంత పుంజుకుంటోందో కొలిస్తే, నిల్వ నిజంగా ఎంతో ఏ నివేదికా చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. ప్రొడక్షన్ వాళ్లు మూయడానికి ఒప్పుకోరు, రోజు టార్గెట్ పోతుందని వాళ్ల టెన్షన్ వాళ్లది. మూసే రోజులను మొదటి ప్లాన్‌లోనే రాయించేయ్, తర్వాత గొడవ ఉండదు.

పైప్‌లైన్లలో, బావుల పైపులన్నీ కలిసే మానిఫోల్డ్‌లలో, తర్వాత వచ్చే క్షేత్రాలను కలుపుకోవడానికి ఖాళీ కనెక్షన్లు వదలమని అడుగు. డీ1, డీ3 తగ్గిపోయినా వాటి కోసం కట్టిన సముద్రంలోని ప్లాట్‌ఫారం, ఒడ్డున గ్యాస్ అందుకునే గాడిమొగ టెర్మినల్ వృథా కాలేదు. 2 వేల మీటర్లకు మించిన లోతులో ఉన్న, అదే బ్లాక్‌లోని ఆర్-క్లస్టర్ అనే మరో క్షేత్రం గ్యాస్ 2020 డిసెంబరు నుంచి ఆ దారినే ఒడ్డుకు చేరింది. దాని తర్వాత శాటిలైట్ క్లస్టర్ అనే ఇంకో క్షేత్రాల గుంపు వచ్చింది.

అంత లోతులో అడుగున నీళ్లు ఫ్రిజ్‌లో నీళ్లంత చల్లగా ఉంటాయి. ఒత్తిడిలో ఉన్న గ్యాస్, నీళ్లు కలిసి మంచులాంటి హైడ్రేట్ గడ్డ కట్టి పైపు మూసేస్తాయి. ఆ గడ్డ కట్టకుండా గ్లైకాల్ అనే ద్రవం పంపుతారని నీకు తెలుసు. అందరూ మామూలు రోజుల లెక్కే వేస్తారు. తుపానుకి బావులన్నీ ఆపి, పైపులు చల్లబడ్డాక మళ్లీ తెరిచే రోజుకి ఎంత గ్లైకాల్ కావాలో నువ్వు లెక్క వేయి. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ రోజు ఎప్పుడైనా రావచ్చు. సముద్రంలో పైపులు పరిచే పనులు కూడా ఆ నెలల్లోకి జరగనివ్వకు.

ఇక భద్రత. 2005 జులై 27న ముంబయి తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న ముంబయి హై నార్త్ ప్లాట్‌ఫారంలో జరిగింది నువ్వు తప్పకుండా చదవాలి. సపోర్ట్ షిప్‌లో వంటమనిషికి వేళ్లు తెగితే, వైద్యం కోసం ప్లాట్‌ఫారం మీదికి చేర్చాలని ఓడను దగ్గరకు తెచ్చారు. వర్షాకాలపు అలలకు ఓడ వెళ్లి గ్యాస్ రైజర్‌ను, అంటే సముద్రం అడుగు నుంచి ప్లాట్‌ఫారం మీదికి గ్యాస్ తెచ్చే నిలువు పైపును గుద్దింది. గంటల్లో ప్లాట్‌ఫారం మొత్తం కాలిపోయింది, 22 మంది పోయారు. గాయపడినవాడికి సాయం చేయబోయే జరిగింది ఇదంతా. ఓడలు ఆగే వైపు రైజర్లు ఉండాలా వద్దా అన్నది ఏళ్ల ముందే డ్రాయింగ్ మీద తేలిపోతుంది. నీ ముందుకు లేఅవుట్ వచ్చినప్పుడు పడవలు ఎటు వస్తాయి, గాలి ఎటు వీస్తుంది, నిప్పు అంటుకుంటే మనుషులు ఎటు పరిగెత్తాలి అని అడుగు. కొత్తపిల్లవి అని చూస్తారు, చూడనీ.

పైపు ఒడ్డుకెక్కే చోట మత్స్యకారుల ఊళ్లు ఉంటాయి. సర్వే పడవ దిగకముందే వెళ్లి కలువు. ఏ నెలలో ఎక్కడ వలలు వేస్తారో, వల తెగితే ఎవరికి చెప్పాలో, ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారో వాళ్లతో కూర్చుని తేల్చి తెలుగులో కాగితం మీద పెట్టించు. ఆ కాగితం మీద సంతకం చేసే అధికారి ఎవరో కూడా ముందే కనుక్కో.

ఆశీస్సులతో,
పెదనాన్న