స్నోమొబైల్ కూలెంట్ హోస్‌ని చీల్చేది చలి కాదు, రాత్రికి రాత్రి పట్టుకున్న ఐసు

"మాది టెక్కలి. మా తమ్ముడు కెనడాలో సెకండ్ హ్యాండ్ స్నోమొబైల్ కొన్నాడు. ఒకే చలికాలంలో రెండుసార్లు కూలెంట్ హోస్ పోయింది. చలికి రబ్బరు పగులుతోందా, ఐసు పేరుకోవడం వల్లా?" అని మీరు అడిగారు. స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి, కూలెంట్ హోస్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం పారే రబ్బరు గొట్టం.

ఐసు వల్లే. చలి దానికి తోడు, అంతే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను సైన్యంలో వెహికల్ మెకానిక్‌గా చేశాను. లడఖ్‌లో ఉన్నప్పుడు ఈ బండ్లు నా చేతి కిందే ఉండేవి. అక్కడ వాటిని స్నో స్కూటర్లు అంటాం. రిటైరయ్యాక ఇప్పుడు నరసన్నపేట దగ్గర హైవే పక్కన షెడ్డు పెట్టుకున్నాను. మన శ్రీకాకుళం జిల్లా మనిషి ఈ బండి గురించి అడగడం చూసి చాలా సంతోషమేసింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కారుకి ముందు భాగంలో రేడియేటర్ ఉంటుంది, గాలి తగిలి చల్లబడుతుంది. ఈ బండి పద్ధతి వేరు. సీటు కింద పొడుగునా అల్యూమినియం టన్నెల్ ఉంటుంది, దాని కింద రబ్బరు ట్రాక్, అంటే చక్రాల బదులు బండిని నడిపే పట్టా, తిరుగుతుంది. కూలర్లు ఆ టన్నెల్ లోపలి వైపున ఉంటాయి. ట్రాక్ ఎగజిమ్మిన మంచు వాటికి తగిలి కరిగితేనే కూలెంట్ చల్లబడుతుంది. కాబట్టి టన్నెల్‌లో మంచు, నీళ్లు ఉండకుండా చేయలేం, వాటితోనే ఆ బండి బతుకుతుంది. నడుస్తున్నంతసేపూ పెద్ద ఇబ్బంది ఉండదు, కుదుపుకి చాలావరకు రాలిపోతుంది. ఆపిన తర్వాతే అసలు సమస్య. ఇంజిన్‌లో మిగిలిన వేడికి టన్నెల్‌కి అంటుకున్న మంచు కరిగి ట్రాక్ మీదికి, సస్పెన్షన్ మీదికి, హోస్ మీదికి కారుతుంది. తెల్లారేసరికి అదంతా ఒకే దిమ్మ.

ఒక ఉదయం జరిగింది చెబుతాను. పై పోస్టులో ఒక జవానుకి ఊపిరి ఆడటం లేదని, కిందికి దింపాలని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. ఎత్తు పడనివాళ్లకి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆక్సిజన్ పెట్టి, వీలైనంత త్వరగా కిందికి తేవడమే దానికి మందు. ముందు రోజు సాయంత్రం దాకా స్లెడ్జి కట్టుకుని కిరోసిన్ జెరికేన్లు మోసిన స్కూటర్ బయట నిలబడి ఉంది. నడిపేవాడు కుమావు కుర్రాడు, మంచి పనివాడు. తాడు లాగాడు, ఇంజిన్ అందుకుంది, కాసేపు వేడెక్కనిచ్చాడు. థ్రాటిల్ నొక్కితే బండి కదల్లేదు. ఇంకాస్త నొక్కాడు. కిందనుంచి ఫట్‌మని చప్పుడొచ్చి, ట్రాక్ ఒక్క జెర్కుతో తిరిగింది. వెనక మంచు మీద ఆకుపచ్చ మరక ఆవిర్లు కక్కుతూ పరుచుకుంది.

ఆపించి, నలుగురం పట్టి బండిని పక్కకి పడుకోబెట్టాం. టార్చి వేసి చూస్తే టన్నెల్ వెనక మూలలో పిడికిలి మందాన ఐసు. ఒక పక్క ట్రాక్‌ని పట్టుకుంది, ఇంకో పక్క వెనక కూలర్‌కి వెళ్లే హోస్‌ని చుట్టేసింది. ట్రాక్ తిరగగానే ఐసుని లాగింది, ఐసు హోస్‌ని లాగింది. హోస్‌ని బిగించే పట్టీ, అంటే క్లాంపు, దాని అంచు దగ్గర రబ్బరు బొటనవేలు పొడవున చీలి, నిపుల్ (హోస్ తొడిగే గొట్టం మూతి) మీంచి సగం జారి ఉంది. ఆ హోస్‌ని వేలితో నొక్కితే అణగలేదు, ఎండు కర్రలా ఉంది. రబ్బరు మెత్తగా ఉండి ఉంటే ఆ గుంజుడుకి కాస్త సాగి ఊరుకునేది. చలి చేసిన పాపం అంతవరకే.

జవానుని ఇంకో స్కూటర్ మీద తెచ్చారు, బతికాడు. నేను చీలిన ముక్క కోసేసి, స్టవ్ మీద నీళ్లు కాచి, హోస్ చివర అందులో ముంచి, మెత్తబడ్డాక నిపుల్ మీదికి ఎక్కించి కొత్త క్లాంపు బిగించాను. గ్లవ్స్ ఉంటే క్లాంపు స్క్రూ పట్టు దొరకదు, తీస్తే వేళ్లు ఇనుముకి అతుక్కుపోతాయి. కూలెంట్ పోసి గాలి తీసేటప్పుడు ఇంకో తంటా. బండి నిలబడే ఉంటుంది కాబట్టి కూలర్లకి మంచు తగలదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది. అందుకని ఒక జవాను పారతో టన్నెల్ లోపలికి మంచు ఎగదోస్తూనే ఉన్నాడు.

కాబట్టి మీ తమ్ముడికి చెప్పాల్సింది ఇది. సాయంత్రం బండి ఆపగానే, ఇంకా తడిగా ఉండగానే టన్నెల్‌లోని మెత్తటి మంచుని చేత్తోనో చెక్కతోనో దులిపేయాలి. ఇనుప రాడ్డు, సుత్తి పెట్టకూడదు, కూలర్ పల్చటి అల్యూమినియం, చిల్లు పడుతుంది. నేల మీద వదలకుండా చెక్కల మీద ఎక్కించి పెట్టాలి, లేకపోతే ట్రాక్ నేలకే అతుక్కుంటుంది. పొద్దున థ్రాటిల్ జోలికి వెళ్లే ముందు వెనక బంపర్ పట్టి ఎత్తి వదలాలి, అటూ ఇటూ ఊపాలి. ట్రాక్ విడిందని తెలిశాకే నడపాలి. చాలామంది ఇంజిన్ వేడెక్కితే చాలు బండి సిద్ధమైనట్టే అనుకుంటారు. ఇంజిన్ వేడెక్కినంత మాత్రాన ట్రాక్‌ని పట్టుకున్న దిమ్మ కరగదు.

పోయిన పాత హోస్ పారేయకపోతే ఒకసారి చూడమనండి. చిరుగు క్లాంపు పక్కనే ఉంటే ఐసు లాగినట్టు. ఒక వైపే అరిగి లోపలి నూలు బయటపడితే, హోస్‌ని పట్టి ఉంచే క్లిప్పు ఊడి ట్రాక్‌కి తగులుతున్నట్టు. సెకండ్ హ్యాండ్ బండిలో ఐసుతో పాటు దీన్ని కూడా అనుమానించాలి, ఎందుకంటే విప్పినవాడు చాలాసార్లు క్లిప్పులు తిరిగి పెట్టడు. జారకుండా ట్రాక్‌కి మేకులు కొట్టించి ఉంటే అవి కూలర్‌ని కూడా చీరేస్తాయి, టన్నెల్‌కి ప్రొటెక్టర్ పట్టీలు ఉన్నాయో లేదో చూడాలి. అలా కాకుండా హోస్ ఉబ్బి పొడుగునా పగిలి ఉంటే మాత్రం లోపల ఉన్నది సరైన కూలెంట్ కాదు. పాత ఓనరు నీళ్లు ఎక్కువ కలిపి ఉంటాడు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, దాన్ని ఏ రబ్బరూ ఆపలేదు. కూలెంట్‌లో అసలు సరుకైన ఎథిలీన్ గ్లైకాల్‌ని, నీళ్లని సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఇంకా మంచిదని నీళ్లు లేకుండా మొత్తం గ్లైకాలే పోసేవాళ్లని చూశాను. అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. కలపడంలోనే ఉంది పనితనమంతా.

ఇప్పుడు మన జిల్లా సంగతి కూడా రాయాలి, ఇది నాకు రోజూ గుండెల్లో మంట. షెడ్డుకొచ్చే ప్రతి రెండో డ్రైవరూ అనేది ఒకటే: "మనకేటి మంచు పడతాదా బావూ, కూలెంటెందుకు? బోరు నీల్లు పోసీ." కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికే అనుకుంటారు. నీళ్లు మరిగే వేడికి అది మరగదు, లోపల తుప్పు పట్టనివ్వదు. మన ఎండలకి ఈ రెండూ అవసరమే. సముద్రం పక్క ఊళ్ల బోరు నీళ్లయితే ఉప్పు కూడా తోడవుతుంది. రేడియేటర్ మూత తీస్తే లోపల సున్నం వేసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు దీని ఫలితం కళ్లారా చూశాను. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మంచినీళ్ల బోర్లకి జనరేటర్లు పెట్టి, ఊరు తర్వాత ఊరు తిప్పారు. రాత్రీ పగలూ ఆగకుండా నడిపేసరికి సగం జనరేటర్లు మరిగిపోయాయి. పోయింది ఇంజిన్ కాదు, హోసులే. పడిపోయిన కొబ్బరి చెట్ల మధ్య టూల్ బాక్సు మోసుకుని వెళ్లి చూస్తే, ఒక జనరేటర్ కింది హోస్‌కి క్లాంపు బదులు బైండింగు తీగ చుట్టి ఉంది. తీగ రబ్బరుని కత్తిలా కోసేసింది. చుట్టూ బిందెలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అంత మందికి నీళ్లు ఆగిపోయింది ఒక క్లాంపు లేక.

స్పేర్ పార్టుల షాపుల మీద కూడా నాకు కోపముంది. వంపు తిరిగిన హోస్ అడిగితే తిన్నటి పైపు ముక్క కోసి ఇచ్చి, వంచి బిగించుకోమంటారు. వంచిన చోట నొక్కుకుపోయి కూలెంట్ సరిగ్గా పారదు, కొన్నాళ్లకి అక్కడే పగులుతుంది. కంపెనీ అచ్చులో పోసిన వంపు హోస్ కాస్త ఖరీదే, అయినా అదే కొనాలి. మీ తమ్ముడికీ ఇదే మాట, వెనక కూలర్ హోస్ ఆ మోడల్‌దే తెప్పించుకోమనండి, మీటర్ల లెక్కన అమ్మే పైపు వద్దు.

పాత కూలెంట్ తీసినప్పుడు మాత్రం కాలవలో పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, దూడలు నాకుతాయి, కిడ్నీలు పాడై చనిపోతాయి. నేను మూతున్న డబ్బాలో పట్టి, పిల్లలకి అందని చోట పెడతాను. మీ తమ్ముణ్ని అక్కడ పాడైన ఇంజిన్ ఆయిల్ తీసుకునే చోట అడగమనండి, చాలా చోట్ల దీన్ని కూడా తీసుకుంటారు.