ఎంపీసీ అమ్మాయికి డీఎన్‌ఏతో పనేంటి?

నరసన్నపేట నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం, డీఎన్‌ఏ పోగులు ఎలా అతుక్కుంటాయో, వేడికి ఎలా విడిపోతాయో చదువుతానంటోందట. "బైపీసీ మొహం చూడని పిల్ల సార్, బీఈడీ చేసి డీఎస్సీ రాయమని మీరైనా చెప్పండి" అన్నారు.

చెప్పను సార్. ఆ పిల్ల అడుగుతున్నది అచ్చంగా ఎంపీసీ వాళ్ల పనే.

కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ టెస్టు గుర్తుందిగా, అందులో డీఎన్‌ఏని 95 డిగ్రీల దాకా వేడిచేసి రెండు పోగులనీ విడదీస్తారు. డీఎన్‌ఏలో ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రకాల ముక్కలుంటాయి, ఎదురెదురు పోగుల్లో ఏకి టీ, జీకి సీ జంట. ఏ-టీ జంటకు రెండు హైడ్రోజన్ బంధాలు, జీ-సీకి మూడు, కాబట్టి ఏ-టీలు ఎక్కువున్న చోట ముందు ఊడి బుడగలా తెరుచుకుంటుంది. ఆ బుడగలో పోగులు ఎన్ని రకాలుగా మెలికలు తిరగగలవో లెక్కపెట్టి, ఆ స్వేచ్ఛ గెలుస్తుందా బంధాలు గెలుస్తాయా అని తేల్చాలి. 1966లో డగ్లస్ పోలండ్, హెరాల్డ్ షెరాగా అనే శాస్త్రవేత్తలు వేసిన దారి ఇదే.

మూడు పోగులైతే ఇంకా తమాషా. ఏ రెండూ కలిసి ఉండలేని వేడిలో కూడా మూడూ కలిసి నిలబడొచ్చని 2010లో లెక్కగట్టి చెప్పారు. మీ అమ్మాయి జడే చూడండి, ఒక పాయ లాగేస్తే మిగతా రెండూ జారిపోతాయి. పోలిక పూర్తిగా అతకదులెండి, జడని అల్లిక పట్టి ఉంచుతుంది, ఇక్కడేమో ఒకటి వదిలేసిన చోట మూడోది అందుకుంటూ జంటలు మార్చుకుంటూ నెట్టుకొస్తాయి. ఈ లెక్క చేసినవాళ్లలో భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ వాళ్లున్నారు. ఎక్కడో అమెరికా కాదు, శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కితే దిగే ఊరు.

దారి చెప్తాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి జామ్ రాయాలి, అంటే ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీ సీటుకి పెట్టే ప్రవేశ పరీక్ష, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, అప్లికేషన్ మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పెట్టేయాలి, మనవాళ్లు ఎక్కువమంది తప్పేది అక్కడే. తర్వాత పీహెచ్‌డీకి జెస్ట్ లేదా నెట్ అనే పరీక్షలు. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000, హెచ్‌ఆర్‌ఏ వేరే, అంటే అప్పటినుంచి మీ జేబు జోలికి రాదు. కానీ పర్మనెంటు ఉద్యోగం ముప్పై దాటాక గానీ రాకపోవచ్చు, అది దాచను. మధ్యలో పెళ్లి మాట ఎత్తుతారనీ తెలుసు, అది మీరూ అమ్మాయీ కూర్చుని మాట్లాడుకోవాల్సింది, నన్ను లాగకండి. ఈ పనిలో వచ్చే ప్రోగ్రామింగ్, ప్రాబబిలిటీ డేటా ఉద్యోగాలకీ పనికొస్తాయి. బీఈడీ ఎక్కడికీ పోదు.

ఈ ఆదివారం ఒక పని చెప్పండి. పైథాన్‌లో నాణెం ఎగరేసినట్టు, బొమ్మ పడితే కుడికి, బొరుసు పడితే ఎడమకి నడిచే ఇద్దర్ని ఒకేచోట మొదలుపెట్టి, వెయ్యి అడుగుల్లో ఎన్నిసార్లు మళ్లీ కలుస్తారో లెక్కపెట్టమనండి. ఆ ఇద్దరి దారులే రెండు పోగులనుకోండి, కలిసిన చోట అతుక్కున్నట్టు, మధ్యలో బుడగ తెరుచుకున్నట్టు. మధ్యాహ్నానికే విసుగొస్తే ఇంకోసారి ఆలోచిద్దాం. రాత్రి అన్నానికి పిలిచినా లేవకపోతే జామ్ ఫీజు మీరే కట్టండి.