దీర్ఘకాలిక వైకల్య బీమా తిరస్కరించారు, నేరుగా కోర్టుకు వెళ్లవచ్చా?

మీ భార్యకు అమెరికాలో ఉద్యోగం ద్వారా వచ్చిన దీర్ఘకాలిక వైకల్య బీమాను తిరస్కరించారని, కేసు వేయవచ్చా అని అడిగారు. వేయవచ్చు, కానీ ఇప్పుడే కాదు. ఇలాంటి ప్లాన్లకు సాధారణంగా వర్తించేది 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం. ముందు బీమా సంస్థకే అప్పీలు చేసుకోవాలి. తిరస్కరణ లేఖ అందాక అందుకు కనీసం 180 రోజుల గడువుంటుంది. ప్రభుత్వ ఉద్యోగులకు, సొంతంగా పాలసీ కొనుక్కున్న వారికి దారి వేరు.

తిరస్కరించిన వాళ్లకే మళ్లీ మొరపెట్టుకోవడం దండగ అనిపిస్తుంది. మా వారి క్లెయిమును కాదన్నప్పుడు నేనూ అదే అన్నాను. మా లాయరు చెప్పిన మాట విన్నాక ఓపిక వచ్చింది: అసలు విచారణ అప్పీలే. ఎరిసా కేసుల్లో సాధారణంగా జ్యూరీ ఉండదు. న్యాయమూర్తి చాలావరకు అప్పటికే ఫైలులో ఉన్న కాగితాలే చూస్తారు, కొత్త సాక్ష్యాన్ని అరుదుగా అనుమతిస్తారు. పైగా నిర్ణయాధికారం బీమా సంస్థదేనని పాలసీలో రాసి ఉంటే, ఆ నిర్ణయం సరైనదా అని కాక, మరీ అసమంజసమా అని మాత్రమే పరిశీలిస్తారు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు ఆ నిబంధన చెల్లదన్నాయి, కాబట్టి మీ రాష్ట్రం సంగతి కనుక్కోండి.

అందుకే కోపంతో ఒక పేజీ లేఖ రాసి పంపేయకండి. ముందు మొత్తం క్లెయిము ఫైలు కావాలని రాతపూర్వకంగా అడగండి. ఉచితంగా ఇవ్వాల్సిందే. మాకు కళ్లు తెరిపించింది ఆ ఫైలే. మా వారిని ఒక్కసారైనా చూడని డాక్టరు కాగితాలు తిరగేసి, కూర్చుని చేసే పనికి ఢోకా లేదని తేల్చేశారు. ఆయన త్వరగా కోలుకోవాలని ఆకాంక్షిస్తూ తిరస్కరణ లేఖ ముగించిన మర్యాద మాత్రం మెచ్చుకోదగ్గది!

చికిత్స చేస్తున్న డాక్టరు మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలన్న నియమం ఎరిసాలో లేదని అమెరికా సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. కాబట్టి జబ్బు పేరు, ‘పని చేయలేరు’ అనే ఒక్క వాక్యం చాలవు. మెడ వెన్నుపూస సమస్య ఉన్న మా వారి విషయంలో డాక్టరు మళ్లీ రాసిన లేఖలో ఎంతసేపు కూర్చోగలరు, కీబోర్డు ముందు ఎంతసేపటికి చేతులు తిమ్మిరెక్కుతాయి, మందులతో ఏకాగ్రత ఎలా దెబ్బతింటోంది అన్నవి విడివిడిగా ఉన్నాయి. శారీరక సామర్థ్య పరీక్ష నివేదిక జతచేశాం. సంస్థ దృష్టిలో ఆయనది మామూలు కుర్చీ ఉద్యోగం. రాత్రుళ్లు సర్వర్లు ఆగిపోతే గంటల తరబడి కదలకుండా కూర్చోవాలని వివరిస్తూ ఆయన మేనేజరు ఇచ్చిన లేఖ ఆ వాదనను నిలవనివ్వలేదు.

మొదట క్లెయిమును తిరస్కరించిన వ్యక్తి గానీ, ఆయన కింద పనిచేసేవారు గానీ అప్పీలును చూడకూడదు. వైద్య సలహాకూ మరో డాక్టరును అడగాలి. 45 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణం చూపితే మరో 45 రోజులు తీసుకోవచ్చు. 2018 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం, కొత్త నివేదికను ఆధారం చేసుకుంటే ముందుగా మీకు చూపించి జవాబుకు అవకాశమివ్వాలి. ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతి మంజూరై ఉంటే, ఆ నిర్ణయంతో ఎందుకు ఏకీభవించడం లేదో రాయాలి. భృతి వస్తే సాధారణంగా ఆ మేరకు బీమా సొమ్ములో కోత పెడతారు, అది మోసం కాదు, పాలసీలోనే ఉంటుంది.

అప్పీలు కూడా పోతే, కేసు వేయడానికి పాలసీలో పెట్టిన గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఆ లేఖలోనే ఉండాలి. లాయరును అప్పటిదాకా ఆపకుండా ఇప్పుడే కలవండి. సొమ్ము వస్తేనే వాటా తీసుకునేవారు చాలామంది ఉన్నారు.

మాకు అప్పీలులోనే మంజూరైంది. కానీ చాలా పాలసీల్లో 24 నెలల తర్వాత ‘మీ ఉద్యోగం చేయలేరా’ అన్న ప్రశ్న ‘ఏ ఉద్యోగమూ చేయలేరా’ అని మారుతుంది. మాకూ ఆ గడువు దగ్గర పడగానే కొత్త ఫారాలు వచ్చాయి. మంజూరైనా డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి, ప్రతి నివేదికా దాచండి.