సమాధానం: శేషాచలం బయోస్ఫియరా, జాతీయ పార్కా?

ఒక పుస్తకం శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా (జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా), మరొకటి అక్కడి అడవినే శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా చూపుతున్నాయని, పరీక్షలో ఏది రాయాలో తెలియడం లేదని మీరు అడిగారు. రెండూ సరైనవే. 2010లో గుర్తింపు పొందిన బయోస్ఫియర్ రిజర్వు అప్పటి చిత్తూరు, కడప జిల్లాలలో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉండగా, దాదాపు 353 చదరపు కిలోమీటర్ల జాతీయ పార్కు అందులో ఒక భాగం మాత్రమే.

అసలు తేడా చట్టంలో ఉంది. జాతీయ పార్కులకు, అభయారణ్యాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే ఆధారం. అభయారణ్యంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో సంప్రదించి కొన్ని స్థానిక హక్కులను కలెక్టరు కొనసాగనివ్వవచ్చు, పశువుల మేతను నియంత్రణకు లోబడి అనుమతించవచ్చు. జాతీయ పార్కులో మాత్రం 35వ సెక్షను ప్రకారం పశువులను మేపడం నిషిద్ధం. పరీక్షలు ఎక్కువగా అడిగేది ఈ తేడానే, పుస్తకాలు దాటవేసేదీ ఇదే.

బయోస్ఫియర్ రిజర్వు ఆ చట్టం కింద ఏర్పడేది కాదు. కేంద్ర పర్యావరణ శాఖ కార్యక్రమం కింద ప్రకటించేది. అందువల్ల దాని పరిధిలోకి వచ్చినంత మాత్రాన ఊళ్లకు, పొలాలకు జాతీయ పార్కు నిషేధాలు వర్తించవు. టైగర్ రిజర్వు వీటన్నిటికీ వేరు: 2006 సవరణతో చట్టంలో చేరింది, కోర్ (లోపలి కీలక భాగం), బఫర్ (దాని చుట్టూ ఉండే భాగం) ప్రాంతాలుగా ఉంటుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం అటువంటిదే.