కుడివైపు సందులోంచి వచ్చిన కారు

ప్రశ్న: మేము జర్మనీలోని మ్యూనిక్ వచ్చి నాలుగు నెలలైంది. ఇండియాలో ఎనిమిదేళ్లు కారు నడిపాను. మొన్న మా ఇంటి దగ్గర నిదానంగా వెళ్తుంటే, కుడివైపు సన్న సందులోంచి ఒక పెద్దాయన కారు ఆగకుండా వచ్చేసింది. గట్టిగా బ్రేకు వేశాను. పైగా ఆయనే నా మీద చిరాకు పడ్డారు. తిన్నగా పోతున్నది నేను కదండీ, తప్పు నాదెలా అవుతుంది? అప్పటినుంచి స్టీరింగ్ పట్టుకోవాలంటే భయంగా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పు మీదేనమ్మా. పద్దెనిమిదేళ్ల కిందట స్టట్‌గార్ట్‌లో నేనూ సరిగ్గా ఇదే చేశాను. పక్కింటావిడ నన్ను కూర్చోబెట్టి ‘రెష్ట్స్ ఫోర్ లింక్స్’ అంటే ఏమిటో కాగితం మీద గీసి చూపించింది. బోర్డూ సిగ్నలూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారిదే ముందు. సందు ఎంత సన్నదైనా సరే. ఇంటి గేటులోంచో పొలం బాట మీదనుంచో వచ్చేవారికి మాత్రం ఈ హక్కు లేదు. తెల్ల అంచుతో పసుపు డైమండ్ బోర్డు కనిపిస్తే మీరు ప్రధాన రోడ్డు మీద ఉన్నట్టు. గంటకు 30 కిలోమీటర్ల వేగం మించకూడని జోన్లలో ఆ బోర్డు ఉండదు, అందుకే ఇళ్ల మధ్యే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఆ పెద్దాయన మీరు ఆగుతారని నమ్మి వచ్చారు. మనకు ఎదుటి బండి ఎటు తిరుగుతుందో చూసుకుంటూ సర్దుకుపోవడం అలవాటు. ఇక్కడ దారి ఎవరిదో ముందే తేలిపోయి ఉంటుంది, ఆ నమ్మకంతోనే బండి కదులుతుంది. కాబట్టి వేగం సంగతి తర్వాత, ఎవరు ఎవరికోసం ఆగుతున్నారో చూడడం నేర్చుకోండి. నేను రెండు వారాలు బస్సులో డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాను. కుడివైపు ప్రతి సందు దగ్గరా ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్లేది, తల కుడికి తిరిగేది. ఏ పుస్తకమూ నాకు అంత బాగా నేర్పలేదు.

లేన్ మూసుకుపోయే చోట చివరిదాకా వచ్చి దూరేవాళ్లను చూసి కోప్పడకండి. జిప్పు పళ్లలా అటొకటి ఇటొకటి కలవాలన్నదే ఇక్కడి నియమం.

ఇంకొకటి తప్పక చెప్పాలి. ఒకసారి ఏ8 ఆటోబాన్ (ఇక్కడి హైవే) మీద మ్యూనిక్ వస్తుంటే ట్రాఫిక్ నిలిచిపోయింది. ఇంకా సైరన్ కూడా వినపడలేదు, ఎడమ లేన్‌లోని కార్లన్నీ ఎడమ అంచుకు, మిగతావన్నీ కుడికి జరిగిపోయాయి. మధ్యలో బాట తెరుచుకుంది. నేనొక్కదాన్నే అడ్డంగా మిగిలాను. వెనక లారీ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపి జరగమన్నాడు. కాసేపటికి అంబులెన్సు ఆ బాటలోంచే వెళ్లింది. దీన్ని ‘రెట్టుంగ్స్‌గాస్సె’ అంటారు. బండ్లు నడకవేగానికి తగ్గినప్పుడే ఆ దారి ఇచ్చెయ్యాలి, అంబులెన్సు కనిపించేదాకా ఎదురుచూడకూడదు. లోపల ఎవరున్నారో మనకు తెలియదు కదమ్మా. ఈ అలవాటు చూసినప్పుడల్లా ఈ రోడ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

మీ ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి ఆరు నెలలే చెల్లుతుంది. అంటే రెండు నెలలే మిగిలాయి. ఆ తర్వాత జర్మన్ లైసెన్సు కావాలంటే రాత పరీక్షా, డ్రైవింగ్ పరీక్షా రెండూ రాయక తప్పదు. ప్రథమ చికిత్స శిక్షణ, కంటి పరీక్ష కూడా ఉంటాయి. రాత పరీక్ష ఇంగ్లీషులో రాయవచ్చు. మన లైసెన్సు ఉన్నవాళ్లకు డ్రైవింగ్ స్కూలు పాఠాలు తప్పనిసరి కాదు గానీ, నాలుగైదు తీసుకోండి. మలుపు తిరిగేముందు, లేన్ మారేముందు అద్దం చూసి సరిపెట్టుకోకుండా తల తిప్పి భుజం మీదుగా చూడడం మనకు వెంటనే రాదు. పరీక్షాధికారి మొదట చూసేది దాన్నే.

ఈ వారాంతంలో కారు తియ్యకుండా ఆ సందు మొదట్లో ఒక అరగంట నిలబడి, వచ్చేపోయే బండ్లను చూడండి.